చెకోస్లొవేకియాలో ‘వస్త’ అంటరా?

ఆసిఫాబాద్ నుంచి ఫోన్ చేసిన మనిషి తన పేరు చెప్పకముందే విషయం చెప్పాడు. "మేడం, మీ మేనత్త రాసిన నవల నా దగ్గరున్నది. మొత్తం లేదు గని, చాన మటుకు ఉన్నది. ఏడ దొరుకుతలేదని మీరు పేపర్ల రాసిండ్రు గద, గందుకే ఫోన్ జేసిన." అంతకు ముందు ఒక ఆదివారం అనుబంధంలో సుగుణత్త గురించి నాలుగు ముక్కలు రాసి, ఆమె రాసిన ఒకే ఒక్క నవలకు మా ఇంట్లో ఒక్క ప్రతి కూడా మిగల్లేదని చివర్లో వాపోయాను. వాపోవడం నాకు అలవాటే. దానికి జవాబు రావడం మాత్రం అదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఫోన్ చేసినాయన పేరు నారాయణ. ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్టాండు వెనక ఇల్లు. ఆయన భార్య లక్ష్మమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ చేతికిచ్చాక గానీ ఆయన పుస్తకం తీయలేదు. పాత గుడ్డ సంచిలోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. వారపత్రికలోంచి ఒక్కో వారం చించి, వరుసగా పేర్చి, దారంతో కుట్టించి, అట్ట వేయించిన బైండు. అందులో ఏ రెండు వారాలూ ఒక్కలా లేవు. ఒకదాని మీద మిర్చిబజ్జీ నూనె మరక. ఇంకోదాంట్లో కథానాయికకు ఎవరో పెన్సిలుతో మీసాలు దిద్దారు. "అన్ని ప్యాసింజర్లు సీట్ల మీద ఇడిశిపెట్టినయే మేడం. కరీంనగర్ ట్రిప్పు వొడిశినంక బస్సంత దేవులాడేది. మూడు వారాలు దొరకనే లేదు" అన్నాడు, ఆ మూడు వారాలకూ తనదే పూచీ అన్నట్టు. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ‘మంచు కోటలో మూడో గది’. కింద రచయిత పేరు ‘దేశదిమ్మరి’.

ఆ పేరు చూడగానే నవ్వొచ్చింది. ఆ నవల మొదలుపెట్టే నాటికి సదరు దేశదిమ్మరి హుజూరాబాద్ నుంచి ఉత్తరంగా వెళ్లిన అత్యంత దూరం కొండగట్టు. అదీ బడిపిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయి, కోతులకు టిఫిను డబ్బాలు సమర్పించుకుని అదే సాయంత్రం తిరిగొచ్చిన ప్రయాణం.

మేం హుజూరాబాద్‌లో మిషన్ దవాఖాన పక్క క్వార్టరులో ఉండేవాళ్లం. బాపు అక్కడ కంపౌండరు. ఆయన సాయంత్రం ఇంట్లో అడుగుపెడితే ముందు టించరు వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. సుగుణత్త ఆయనకు చెల్లెలు. పెళ్లయిన రెండో ఏటే మామ లారీ ప్రమాదంలో పోతే, ఒక ట్రంకుపెట్టె, ఒక నల్ల గొడుగు తీసుకుని మా ఇంటికొచ్చింది. టీచరు ట్రైనింగు చేసి, ఆడపిల్లల బడిలో సోషలు చెప్పేది. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మం పక్కన గోనెపట్టా పరుచుకుని, ఒళ్లో పీట పెట్టుకుని రాసేది. రాసేదంతా దిద్దేసిన పరీక్ష పేపర్ల వెనకవైపు. అవ్వ, అంటే మా అమ్మ, లోపల జొన్న రొట్టెలు కొడుతుంటే ఆ చప్పుడుకు అత్త కలం నడిచేది. రొట్టెల పని అయిపోతే ఆమె రాయడం కూడా ఆగిపోయేది. మాడిన రొట్టె అంచు వాసన, సిరా వాసన, బాపు చొక్కా టించరు వాసన ఒక్కసారి కలిస్తే అది మా ఇంటి సాయంత్రం. తర్వాత దీపం దగ్గర కీర్తన, ప్రార్థన, అన్నం. నేనప్పుడు పదో తరగతి. నా దస్తూరీ బాగుంటుందని సాపు ప్రతి రాసే పని నాది.

ఆమె రాస్తున్నది రాజకీయ కుట్ర కథ. మంచు దేశం, కోటలో ఉండే అధ్యక్షుడు, ఆయన్ను కూల్చడానికి సైన్యంతో చేతులు కలిపిన చిన్ననాటి స్నేహితుడు. మన దగ్గరే ఏ ముఖ్యమంత్రినో పెట్టి రాయొచ్చు కదా అని బాపు అంటే, "మన దగ్గర పెడ్తె నా కొలువు ఉంటదా అన్నా?" అనేది. బడి అట్లాసు ముందేసుకుని దేశాన్ని ఎంచుకున్న తీరు నాకు బాగా గుర్తు. వేలితో ఒక్కో దేశాన్నీ తడుముతూ వచ్చి చెకోస్లొవేకియా దగ్గర ఆపింది. "గిదైతె మంచిగుంటది. సముద్రం లేదు. నేను సముద్రం సూడలే గద, సూడంది ఎట్ల రాస్త?" అన్నది. మరి మంచు చూశావా అని అడిగాను. ట్రంకులోంచి క్రిస్మస్ కార్డుల కట్ట తీసి నా ముందు పెట్టింది. మిషన్ వాళ్లకు ఏటేటా విదేశాల నుంచి వచ్చి, బాపు చేతుల మీదుగా మా ఇల్లు చేరిన కార్డులు. అన్నింటి మీదా మంచే. ఇంటి కప్పుల మీద, చర్చి మీద, గుర్రపుబండి మీద. ఆ కార్డులే ఆమెకు పాస్‌పోర్టు, వీసా అన్నీ.

అత్తకు నిజంలాగా రాయాలన్న పిచ్చి ఉండేది. పిచ్చి అనే అంటాను, ఎందుకంటే దాని బాధ పడింది నేను. మంచు మీద కాలు పెడితే ఎట్లుంటదో కార్డుల్లో లేదు కదా. సోడా షాపు నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెప్పించి, వాకిట్లో పగలగొట్టి పరిచి, నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టింది. తను గొడుగు పట్టుకుని పక్కన నిలబడి "ఎట్లున్నది? ఎట్లున్నది చెప్పు?" అని ఒకటే అడగడం. "కాలుతున్నదత్తా!" అని అరిచాను. చల్లగా ఉందని చెబుతాననుకుందేమో, కళ్లు పెద్దవి చేసి, "మల్లోపారి చెప్పు కోడలా" అని లోపలికి పరుగెత్తి రాసుకొచ్చింది. ‘మంచు వాడి పాదాలను కాల్చింది’ అన్న వాక్యం నా అరికాళ్ల పుణ్యమే.

ఇంట్లో ప్రతివాళ్లూ తలా ఒక చెయ్యి వేశారు. ఒక మంత్రికి విషం పెట్టే ఘట్టం విని బాపు కళ్లద్దాలు తీసి, "గంత ఇషానికి మంత్రి ఏంది, ఏనుగు గూడ సస్తది. జర తగ్గియ్యి సుగుణా" అన్నాడు. మర్నాడు మోతాదు తగ్గింది, మంత్రి బతికి రెండు వారాలు ఎక్కువ మాట్లాడాడు. అవ్వకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే విని, "పొద్దుగాల లేచిన సంది గీ కథల ఒక్కడు గూడ తింటలేడు. గట్ల కుట్రలు ఎట్ల జేస్తరు?" అన్నది. ఆ మాట నిజమే అనిపించి అత్త కుట్రదారులందరికీ ఆలుగడ్డ పులుసు, నల్ల రొట్టె పెట్టించింది. అధ్యక్షుడి కార్యదర్శి ఫైలు తొక్కిపెట్టే పద్ధతి మాత్రం అచ్చం మా తాలూకాఫీసు పద్ధతే. ప్రాగ్ నగరం చౌరస్తాలో పోగైన జనం హనుమాన్ జయంతికి కొండగట్టు దారిపొడుగునా కనిపించే జనం.

పత్రిక నవలను తీసుకున్నది. ప్రతి వారం బస్సులో పత్రికల కట్ట రాగానే ఊళ్లో చర్చ మొదలయ్యేది. రాసింది అత్తేనని మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ల బడి హెడ్‌మిస్ట్రెస్, "ఈ దేశదిమ్మరి ఎవరో గానీ ఎంబసీల పెద్ద కొలువు చేసి ఉంటడు. లేకుంటె గన్ని సంగతులు ఎట్ల తెలుస్తయి?" అని స్టాఫ్‌రూములో అంటే, అత్త తల వంచుకుని హాజరుపట్టీ దిద్దుకున్నదట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తూ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్త అట్లా నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు.

ఏడు వారాలు సాఫీగా గడిచాయి. అప్పుడు సంపాదకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

ఆయన అభ్యంతరం పదకొండో భాగం మీద. అందులో కుట్రకు అంతా సిద్ధం చేసుకున్న స్నేహితుడు, కోటలో మూడో గదిలో ఉండే అధ్యక్షుడి తల్లిని చూడటానికి వస్తాడు. చిన్నప్పటి నుంచి ఆమె చేతి తిండి తిన్నవాడు. చాయ్ తాగి, లేచి, "పోతున్నానమ్మా" అని వెళ్లిపోతాడు. అన్ని ఏళ్లుగా గడప దాటిన ప్రతిసారీ "వస్తానమ్మా" అన్నవాడు, ఆ రోజు "పోతున్నా" అన్నాడు. ముసలామె వెనక్కి పిలుస్తుంది, కూర్చోమంటుంది, వాడు ఆగడు. వాడిక తిరిగి రాడని, వస్తే శత్రువుగానే వస్తాడని ఆమెకు తెలిసిపోతుంది. కొడుకును వంటింటి దారిన తప్పిస్తుంది. నవలంతా తిరిగేది ఆ ఒక్క మాట మీద.

మా దగ్గర ఇది ఎవరికీ వివరించక్కర్లేదు. ఇంట్లోంచి వెళ్లేవాళ్లు ‘పోతున్న’ అనరు, ‘వస్త’ అంటారు. ఎవరన్నా నోరు జారి ‘పోతున్న’ అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్లు తాగించి మళ్లీ పంపిస్తారు. సంపాదకుడు కూడా తెలుగువాడే కాబట్టి ఆయనకూ తెలుసు. ఆయన బాధ అదే. ‘శ్రీ దేశదిమ్మరి గారికి. ఇది మన ఆచారం. చెకోస్లొవేకియాలో ఎవరైనా ఇట్లా అనుకుంటారా? ఇంతవరకు ఎంతో సహజంగా నడిచిన నవల ఇక్కడ నవ్వులపాలవుతుంది. మూడు వారాల్లోగా మార్చి పంపండి, లేదా ఆ దేశంలో అట్లా ఉందని ఆధారం చూపండి. రెండూ లేకుంటే మేమే మార్చుకుంటాం.’

బాపు తేలిగ్గా తీసుకున్నాడు. "ముసలామెకు వాని కోటు జేబుల పిస్తోలు కనవడ్డదని రాయి. అయిపాయె." ఆ సాయంత్రం రొట్టెల చప్పుడు మొదలైనా అత్త గోనెపట్టా పరవలేదు. గుమ్మంలో కూర్చుని అన్నది: "ముంగట రాసినయన్ని కార్డుల సూసి, అట్లాసుల సూసి, మిమ్ముల అడిగి రాసిన అన్నా. గీ నవలల నాకు సొంతంగ తెల్సింది గదొక్కటే. గది తీసేస్తె ఇంక నేనేం రాసినట్టు?"

ఆ మాట బరువేమిటో అవ్వ నాకు తర్వాత చెప్పింది. మామ ఆఖరిసారి ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఏదో తొందరలో "పోతున్న" అన్నాడట. అత్త వెనక పెరట్లో బట్టలు ఉతుకుతున్నది. విన్నది. చేతులకు సబ్బు నురగ ఉందని, వచ్చాక చెప్పొచ్చులే అని పిలవలేదు. సాయంత్రానికి కబురొచ్చింది. "పిలిశి కూసుండబెడ్తె అంతల గా లారీ దాటి వోవు గదనే అంటది బిడ్డా, ఇప్పటికి గూడ" అన్నది అవ్వ. నాకు ఏడుపొచ్చింది. అత్త మీద జాలితోనే కాదు, ఆ పేజీల్ని ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు రాస్తూ ఏమీ తెలుసుకోలేకపోయానని కూడా.

ఆధారం చూపే దారి బాపుకు దొరికింది. దవాఖానకు వచ్చే యాకోబు అనే డ్రైవరు, మంచిర్యాల దాటాక కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. అక్కడికి యంత్రాలతో పాటు వచ్చిన ఇంజినీరుకు కారు నడుపుతాడు. ఆ ఇంజినీరు ఏ దేశస్థుడని బాపు ఊరికే అడిగితే, "చెక్కు దేశమట సార్. మస్తు మంచోడు. పుచ్చకాయ అంటె పానమిస్తడు" అన్నాడు. ఆ శనివారమే అత్త, నేను బయల్దేరాం. బస్సు గోదావరి మీదికి రాగానే అత్త కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నది. అంత నీళ్లు ఆమె ఎన్నడూ చూడలేదు. "గీ లెక్కన సముద్రం గూడ రాయచ్చేమో" అన్నది నెమ్మదిగా.

ఇంజినీరు గెస్ట్‌హౌసు వరండాలో నిక్కరు వేసుకుని కూర్చున్నాడు. మా ఊళ్లో అంత పెద్దమనిషి నిక్కరులో కనిపించడం జరగదు, అందుకని అత్త మొదట కాసేపు గోడ వైపు చూస్తూ మాట్లాడింది. ఆమె ఇంగ్లీషు బడి ఇంగ్లీషు. ఆయనది ఇంకో రకం. మధ్యలో యాకోబు ఇంగ్లీషు ఆ రెండింటికీ సంబంధం లేనిది. మీ దేశంలో ఇంట్లోంచి వెళ్లేటప్పుడు వెళ్తున్నానంటారా, వస్తానంటారా అని అత్త అడిగింది. యాకోబు అది ఎట్లా చెప్పాడో గానీ, ఆయన తనను వెళ్లిపొమ్మంటున్నారనుకుని లేచి లోపలికి నడిచాడు. పిలిచి కూర్చోబెట్టాం. రెండోసారి అడిగితే రైలు గురించి ఏదో చెప్పాడు. మూడోసారికి అత్త ముఖం వాడిపోయింది. "ఇగ పాపం పరేషాన్ చెయ్యద్దు తియ్యి" అని లేచి, చేతులు జోడించి "వస్తం సార్" అన్నది.

యాకోబు శ్రద్ధగా అనువదించాడు. "దే ఆర్ కమింగ్ సార్."

ఆయన సంతోషించి, "కమ్, కమ్" అని మళ్లీ కుర్చీలు జరిపాడు. వంటమనిషిని పిలిచి చాయ్ చెప్పాడు. మర్యాదకు కూర్చున్నాం. తాగి లేచాం. "వస్తం సార్." "కమింగ్ సార్." మళ్లీ కుర్చీలు, మళ్లీ చాయ్, ఈసారి పుచ్చకాయ కూడా. మూడోసారి అత్త "వస్తం" అంటూ మెట్లు దిగుతుంటే ఆయన ఒకసారి మెట్లను, ఒకసారి యాకోబును, ఒకసారి మమ్మల్ని చూశాడు. వస్తామంటూ వెళ్లిపోతున్నారేమిటి వీళ్లు! అప్పుడు ఆయన ముఖం విప్పారింది. తొడ చరుచుకుని పెద్దగా నవ్వాడు. మమ్మల్ని ఆపి, వేళ్లతో కళ్లను చూపిస్తూ, మెల్లగా, బడిలో చెప్పినట్టు చెప్పాడు. వాళ్లు వెళ్లేటప్పుడు ‘నస్లెదనో’ అంటారట. మళ్లీ చూసుకునేదాకా అని అర్థం. వెళ్తున్నాననే మాటే ఉండదు. ఇంకో మాట ఉంది, ‘స్బోహెం’. దేవుడు తోడు అని అర్థం. అది ఊరికే అనరు. ఇక కలవబోమని తెలిసినప్పుడు అంటారు. "నేను ఆ మాట అంటే మా అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడుతుంది" అని, రెండు చేతులూ చాచి నిలబడి చూపించాడు కూడా.

అత్త కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఆమె క్రైస్తవురాలు కదా, ఒక సందేహం వదల్లేదు. "దేవుని తోడిచ్చి పంపితె గూడ మల్ల రానట్టేనా?" అని యాకోబును అడగమన్నది. యాకోబు ఆ ప్రశ్నను అనువదించలేదు. తెలివైనవాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె గోదావరిని చూడనే లేదు. దారి పొడుగునా ఒళ్లో కాగితం పెట్టుకుని ఉత్తరం రాస్తూనే ఉన్నది. ఇంటికి వచ్చాక నేను దాన్ని సాపు రాశాను. పదకొండో భాగం ఒక్క అక్షరం మారకుండా అచ్చయింది. కింద సంపాదకుడు చిన్న అక్షరాలతో వేశాడు: ‘రచయిత ఆ దేశస్థులను స్వయంగా విచారించి రాసిన ఘట్టమిది.’ హెడ్‌మిస్ట్రెస్ ఆ వాక్యాన్ని స్టాఫ్‌రూములో పైకి చదివి, "నేన్ చెప్పలేదా, ఎంబసీయే" అన్నదట.

అత్త ఇంకో నవల రాయలేదు. ఎందుకని అడిగితే, రాయాల్సింది అయిపోయిందనేది. ఆ తర్వాత చాలా ఏళ్లు హాయిగా బతికింది. నేను ఆదిలాబాద్‌లో కొలువు చేస్తున్న రోజుల్లో ఆమెకు జబ్బు చేసింది. కరీంనగర్‌లో ఆపరేషన్. ముందు రోజు డాక్టరును పక్కకు పిలిచి అన్నీ అడిగి తెలుసుకున్నది, నిజం తెలుసుకోవాలన్న ఆ పాత పిచ్చితోనే. ఆశ తక్కువని ఆయన దాచకుండా చెప్పాడు. పొద్దున స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోతుంటే బాపు చెయ్యి, నా చెయ్యి పట్టుకుని, "వస్త బిడ్డా" అన్నది. రాలేదు.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆ మాట మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. తిరిగి రానని తెలిసినవాడి నోట ‘వస్తా’ అన్న మాట రాదని కదా ఆమె నవల రాసింది! దానికోసం గోదావరి దాటించి నన్ను తీసుకుపోయింది కదా! అయితే నవలన్నా అబద్ధం కావాలి, లేకపోతే ఆమె నాతో అబద్ధమన్నా చెప్పి ఉండాలి. ఈ రెంటిలో దేన్నీ ఒప్పుకోలేకపోయేదాన్ని.

మొన్న నారాయణ ఇంట్లో కుర్చీలో కూర్చుని పదకొండో భాగం తీశాను. దాని మీద నూనె మరకల్లేవు. స్నేహితుడు వెళ్లిపోతాడు. ముసలామె గడప పట్టుకుని నిలబడుతుంది. అక్కడ ఆమె అనుకునే మాటలున్నాయి: ‘రానని తెలిసీ వస్తానని చెప్పేవాళ్లుంటారు. వెనక మిగిలేవాళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు. వీడికి ఆ పాటి ప్రేమ కూడా లేదు.’ ఆ వాక్యాలు అచ్చుకు వెళ్లింది నా దస్తూరీతోనే. పదిహేనేళ్ల పిల్లను, కామా ఎక్కడ పెట్టాలా అని చూసుకున్నానే గానీ చదవలేదు. ఇన్నేళ్లు నేను మోసిన ఫిర్యాదుకు జవాబు, ఆ ఫిర్యాదు పుట్టకముందే, నేనే సాపు రాసి పోస్టు చేశాను!

ఇప్పుడు ఏ దేశం కథ రాయాలన్నా కష్టం లేదు. ప్రాగ్ వీధిలో ఈ క్షణాన మంచు పడుతుందో లేదో ఫోన్‌లో చూసుకోవచ్చు. నాకు ముందుమాటల కోసం వచ్చే నవలల్లో వీధుల పేర్లు, తుపాకుల నంబర్లు తప్పు పోకుండా ఉంటాయి, మనుషులు మాత్రం అన్నం తినరు. మా అవ్వ ఉంటే ఒక్కదాన్నీ ఒప్పుకునేది కాదు. అత్త వేలు పెట్టి ఎంచుకున్న ఆ దేశం కూడా ఇప్పుడు లేదు, రెండయింది. మా జిల్లాలూ ముక్కలయ్యాయి. హుజూరాబాద్ కరీంనగర్‌లో ఉండగా, నేను కూర్చున్న ఆసిఫాబాద్ ఆదిలాబాద్ నుంచి విడిపోయి తానే ఒక జిల్లా అయి కూర్చుంది. అట్లాసులు మారిపోతాయి. గడప దగ్గర చెప్పే మాట మాత్రం నాకు తెలిసిన ప్రతి ఇంట్లో ఇంకా అదే.

చెక్కు ఇంజినీరు కథంతా చెబితే నారాయణ, లక్ష్మమ్మ పడీ పడీ నవ్వారు. లక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని, "మేం సదివినప్పుడు గివేం అనుకోలే చెల్లె. గా దేశపోల్లు గూడ మన లెక్కనే అంటరేమో అనుకున్నం. అన్నరు గద మరి!" అన్నది. లేవబోతుంటే నారాయణ బైండును సంచిలో పెట్టి నా చేతికివ్వబోయాడు. "తీస్కపోండ్రి మేడం. మీ ఇంటి సొత్తు."

తీసుకోవాలనే వెళ్లాను. కానీ సంచిని మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి, "పన్నెండో భాగం నుంచి ఇంకా సదివేది ఉన్నది. ఈడనే ఉండనియ్యి అన్నా" అన్నాను. గడప దాటుతూ "వస్త" అన్నాను. లక్ష్మమ్మ నవ్వు ఆపుకుంటూ కుర్చీ ముందుకు జరిపి, "కూసో మరి, చాయ్ వెడ్త" అన్నది. ముగ్గురం మళ్లీ నవ్వుకున్నాం.

నేనన్న ఆ ‘వస్త’కు ఆధారం చూపమని ఏ సంపాదకుడూ అడగడు. అయినా వచ్చే నెల ఆసిఫాబాద్ వెళ్తున్నాను.